మకరాక్షికి ముప్పు లేదు

మకరాక్షి అనే మా జలాంతర్గామి రహస్య పత్రాలు, మొత్తం పద్నాలుగు వేల చిల్లర పేజీలు, ఒక సోమవారం పొద్దున ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమయ్యాయి. ఆందోళన చెందవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదని మంగళవారం మా శాఖ ప్రకటించింది. ఆ అవసరం ఎందుకు లేదో కనిపెట్టడానికి బుధవారం ఒక కమిటీ వేసింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మమ్మల్ని ఎవరూ అనడానికి వీల్లేదు. మేము రెండో రోజుకే మొరిగాం, అదీ దొంగలు పడలేదని మొరిగాం.

ఆ కమిటీకి మినిట్స్ రాసే పని నాకు పడింది. నా పేరు సుభాషిణి. మరమ్మతుల యార్డు ఆఫీసులో సూపరింటెండెంటుని. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. ఏది రాయమంటే అది రాస్తానని, ఎందుకని అడగనని ఆఫీసులో నాకు మంచి పేరుంది. ఆ పేరు తెచ్చుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గానీ, అప్పట్లో గర్వంగానే ఉండేది.

కమిటీ చైర్మన్ పరాంకుశం గారు. ఎప్పుడో పెద్ద హోదాలో రిటైరయ్యారు. ఆయన సముద్రంలోకి వెళ్లి ఇరవై ఏళ్లయింది, కమిటీలోంచి బయటికొచ్చి పది రోజులు కూడా కాలేదు. సభ్యుడు ఫణిభూషణం గారు, భద్రతా విభాగం జాయింట్ డైరెక్టరు. ఆయన చంకలో ఎప్పుడూ నల్ల అట్ట రిజిస్టరు ఒకటి ఉంటుంది. ఇంట్లో కూర బాగుందో లేదో కూడా అందులోనే రాసుకుంటారని బంట్రోతులు చెప్పుకునేవారు.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. లీకైన పత్రాలు మా ఆఫీసులో లేవు. ఉన్న ఒక్క కాపీని పోయిన వానాకాలంలో చెదలు తినేశాయి. ఆఫీసు కంప్యూటర్లలో ఆ వెబ్‌సైట్ తెరుచుకోదు. చివరికి నేనే పూర్ణా మార్కెట్ దగ్గర నెట్ సెంటర్‌కి పోయి అంతా ప్రింటు తీయించుకొచ్చాను. ఇరవై రెండు కట్టలయ్యాయి. అతి రహస్యం అన్న ముద్ర చూసి ఆ షాపతను, "స్పైరల్ బైండింగ్ సేయించుకోండి మేడమ్, లేకపోతే పేజీలు పోతాయి" అని జాగ్రత్త చెప్పాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఆ పత్రాల క్షేమం గురించి బెంగపడింది అతనొక్కడే.

రెండో రోజు ఫణిభూషణం గారు పద్ధతి ప్రతిపాదించారు.

"పత్రములో ఉన్నట్టే పడవ ఉన్నచో, సదరు అంశము శత్రువుకు తెలిసినట్టు భావింపవలెను. అది ముప్పు. పత్రములో ఉన్నట్టు పడవ లేనిచో, శత్రువుకు తప్పుడు సమాచారము అందినట్టు భావింపవలెను. అది క్షేమము. కావున పత్రమును పడవతో అంశాలవారీగా సరిపోల్చి, ముప్పులు ఎన్ని, క్షేమములు ఎన్ని అని లెక్కతేల్చిన చాలును."

పరాంకుశం గారు కళ్లు మూసుకుని విన్నారు. "శాస్త్రీయంగా ఉన్నది" అన్నారు. నేను రాసుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకూ అది సబబుగానే తోచింది. ఆఫీసు కుర్చీలో కూర్చుంటే చాలా విషయాలు సబబుగానే తోస్తాయి.

మకరాక్షి అప్పటికి రెండేళ్లకు పైగా మా యార్డులోనే మరమ్మతులో ఉంది. ఆ పనికి ఫోర్‌మన్ మైలపల్లి దానయ్య. పుట్టింది సముద్రం ఒడ్డున, పెరిగింది యార్డులో. పడవ పక్కన నిలబడి చెవి ఆనిస్తే లోపల ఏ బోల్టు వదులైందో చెప్పగలడు. అతన్ని పిలిపించారు.

"పేజీ రెండువందల పన్నెండు" అని చదివారు ఫణిభూషణం గారు. "పడవ అడుగున చేరిన నీటిని తోడు పంపు గంటకు నూరు టన్నులు తోడును. తోడునా?"

దానయ్య తల వంచుకున్నాడు. "నలబై తోడతాది బాబూ. లోపల రబ్బరు అరిగిపోనాది. రెండేళ్ల నించీ రాస్తన్నాం, రావట్నేదు."

"క్షేమము" అన్నారు ఫణిభూషణం గారు.

దానయ్య తిట్లు పడతాయనుకుని వచ్చాడు. అతనికేమీ అర్థం కాలేదు.

"పేజీ మూడువందల నాలుగు. నెమ్మదిగా పోవునప్పుడు పడవ నుండి శబ్దము రాదు."

"ఒడ్డు మీద వలలు బాగుసేసుకునేవోళ్లకి కూడా ఇనపడతాది బాబూ."

"క్షేమము. బహు క్షేమము" అన్నారు పరాంకుశం గారు. ఆ రోజు దానయ్యకు కమిటీ తరఫున రెండు టీలు ఇప్పించారు.

మూడు రోజుల్లో లెక్క తేలింది. మొత్తం రెండువందల పద్నాలుగు అంశాలు. నూట డెబ్బై అయిదు క్షేమాలు, ముప్పై తొమ్మిది ముప్పులు. ముప్పై ఏళ్లుగా మా శాఖ చేసిన నిర్లక్ష్యమంతా దేశరక్షణ కిందకి వచ్చిందని తెలిసి ఆఫీసులో అందరూ మిఠాయిలు పంచుకున్నారు. స్టోర్సు విభాగం వాళ్లయితే, విడి భాగాలు సకాలంలో సరఫరా చేయకుండా శత్రువును తప్పుదోవ పట్టించినందుకు తమకు ప్రశంసాపత్రం ఇవ్వాలని అర్జీ కూడా పెట్టుకున్నారు. అర్జీ పరిశీలనలో ఉంచారు.

ఇంతటితో ఆగి ఉంటే ఇది నవ్వుకునే ముచ్చటే. కాని క్షేమాన్ని కాపాడుకోవద్దా? మరుసటి వారం శుక్రవారం స్టాండింగ్ ఆర్డరు నంబరు ఒకటి వెలువడింది. రాసింది నేనే. "బయటపడిన పత్రముతో పడవ ఏ అంశమునందును ఏకీభవించరాదు. ఏకీభవింపజేయు ఏ మరమ్మతునైనను చేపట్టరాదు."

శనివారం దానయ్య నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. నూనె అంటిన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, పైకి తేల్చే వాల్వు సంగతేటి?"

అదేమిటో నాకు అతనే చెప్పాడు. నీళ్ల అడుగున ఉండగా పడవలోకి నీరు జొరబడితే, ఆ వాల్వు తిప్పుతారు. సిలిండర్లలో బిగించి ఉంచిన గాలి ట్యాంకుల్లోకి దూసుకుపోయి అందులోని నీళ్లను బయటికి నెట్టేస్తుంది. పడవ తేలికై పైకి వస్తుంది. మకరాక్షిలో ఆ వాల్వు బిగుసుకుపోయింది. కొత్తది వచ్చి స్టోర్సులో కూర్చుంది. పూటలో బిగించేయొచ్చు. కాని పేజీ మూడు వేల నూట ఎనిమిదిలో, వాల్వు పని చేస్తుందని ఉంది.

"ఇరవయ్యో తారీకున పరీక్షకి పడవ సముద్రంలోకెల్తాది. నలబై ముగ్గురు ఎల్తారు. అందులో మా లోవరాజున్నాడు. మా అప్పకొడుకు, నాకు మేనల్లుడు. అప్ప పోయినకాణ్నించీ నా సేతుల మీదే పెరిగినాడు. వాల్వు బిగించకుండా నాను వాణ్నెలాగ ఎక్కించీది?"

కమిటీకి చెప్పమని లోపలికి తీసుకెళ్లాను. ఫణిభూషణం గారు ఓపిగ్గా విన్నారు. ఆయనలో నాకు అన్నిటికంటే భయంకరంగా తోచేది ఆ ఓపికే.

"దానయ్యా, సదరు వాల్వును మీరు బాగు చేసిన యెడల అది పనిచేయును గదా?"

"పని సేత్తాది బాబూ."

"అప్పుడు మన పడవ పైకి తేలగలదను రహస్యము శత్రువుకు తెలిసిపోవును గదా?"

"శత్రువుకి తెలిస్తే తెలిసింది బాబూ. తేల్తాదని లోపలున్నోళ్లకి తెలవాల గదా?"

"లోపలి వారి మనోభావములు ఈ కమిటీ పరిధిలోనికి రావు" అన్నారు పరాంకుశం గారు. పరీక్ష తేదీ అయినా వాయిదా వేయమని దానయ్య బతిమాలాడు. వాయిదా వేస్తే మనం భయపడ్డామని శత్రువు అనుకుంటాడట. అదీ కుదరలేదు.

ఇక్కడ మా యార్డు ఆచారం ఒకటి చెప్పాలి. పాడైన భాగానికి ఎర్ర చీటీ కడతారు, బాగున్నదానికి పచ్చ చీటీ. అక్షరం ముక్క రాని కలాసీ కూడా ఎర్ర చీటీ ఉన్నదాన్ని చేత్తో తాకడు. కమిటీ పడవ లోపల తనిఖీకి వెళ్లినప్పుడు ఫణిభూషణం గారికి ఈ చీటీలు నచ్చలేదు. పాడైన పంపు క్షేమం కదా, దానికి ఎర్ర చీటీ ఏమిటి? పని చేసే పొయ్యి ముప్పు కదా, దానికి పచ్చ చీటీ ఏమిటి? అన్నీ తారుమారు చేయించారు. చెడిపోయినవన్నీ పచ్చగా కళకళలాడాయి. ఆ పైకి తేల్చలేని వాల్వుకు కూడా కొత్త పచ్చ చీటీ కట్టారు. కట్టే మనిషి వెనక్కి తగ్గితే ఫణిభూషణం గారే స్వయంగా ముడి వేశారు.

ఆ తర్వాత మిగిలిన ముప్పై తొమ్మిది ముప్పుల మీద పడ్డారు. గోడ గడియారం సరిగ్గా నడుస్తోంది, పత్రంలోనూ అలాగే ఉంది. ఇరవై నిమిషాలు ముందుకు తిప్పారు. వంటగదిలో పొయ్యి వెలుగుతోంది. దాన్ని ఆర్పించి గొట్టం విప్పించారు. మరుగుదొడ్డి గడియ సరిగా పడుతోందని తేలింది. పీకేశారు. పడుకోవడానికి నలభై మూడు బల్లలున్నాయి. ఒకటి ఊడదీశారు. ఎవడో ఒకడు డ్యూటీలో మేలుకునే ఉంటాడు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదని పరాంకుశం గారు సెలవిచ్చారు.

అప్పుడే ఫణిభూషణం గారికి పేజీ పదిహేడు తగిలింది. "సిబ్బంది సంఖ్య: నలభై మూడు. మన సిబ్బందియు నలభై ముగ్గురే. ముప్పు."

"మనుషులు మరొక సెక్షను కిందికి వస్తారు" అన్నారు చైర్మన్ గారు. "ప్రస్తుతానికి ఆ అంశం పెండింగులో ఉంచండి."

చివరికి ఒకే ఒక్కటి మిగిలింది, పడవ పొడవు. పత్రంలో అరవై ఏడున్నర మీటర్లు, పడవా అంతే. దాని మీద రెండు రోజులు చర్చ జరిగింది. పొడవును నిరాకరిస్తూ ఒక ప్రకటన ఇద్దామని ఒక ఆలోచన. కొలబద్దలు మార్చుదామని ఇంకో ఆలోచన. రెండో రోజు సాయంత్రం టీ తాగుతూ పరాంకుశం గారు తేల్చేశారు. పడవ తోక చివర మూరెడు ఇనప ముక్క వెల్డింగ్ చేయించారు. ఆ పని దానయ్యే చేయాల్సి వచ్చింది. వెల్డింగ్ అద్దం మొహానికి అడ్డం పెట్టుకుని చేశాడు, పని అయ్యాక కూడా చాలాసేపు తీయలేదు.

తుది నివేదిక నేను టైపు చేశాను. "మకరాక్షి యందు బయటపడిన పత్రమునకు అనుగుణముగా ఉన్న అంశము పెండింగులో ఉన్నది తప్ప ఒక్కటియు లేదు. కావున ముప్పు శూన్యము." దానికి ముప్పై పేజీల అనుబంధం. మకరాక్షిలో ఏది ఎంత పాడైందో, ఏది ఎందుకు పని చేయదో, రెండువందల పదమూడు అంశాలు వరుసగా. మా శాఖలో ఇంత నిజాయితీగా తయారైన కాగితం నేను అంతకు ముందు చూడలేదు.

పదహారో తేదీ మధ్యాహ్నం దానయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి బతిమాలలేదు. టిఫిన్ క్యారియరు నా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"మావోడు రేత్తిరి అన్నం తింటా అడిగినాడమ్మా. మామా, వాల్వుకి పచ్చ సీటీ కట్టినారు, అయితే బాగయిపోనాదా అని. అవునన్నానమ్మా. ఏటనాల? కాదంటే ఎక్కడు. ఎక్కకపోతే ఉద్యోగం పీకెత్తారు. అవునన్నాను."

అన్నం మూత కూడా తీయకుండా లేచి వెళ్లిపోయాడు. నా కోపం పరాంకుశం గారి మీద కాదు, ఫణిభూషణం గారి మీద కూడా కాదు. స్టాండింగ్ ఆర్డరు నంబరు ఒకటి తీసి, నా చేతులతో రాసిన ఆ రెండు వాక్యాలు మళ్లీ చదువుకున్నాను. బయటపడిన పత్రముతో పడవ ఏకీభవించరాదు. ఏ పత్రమో అందులో లేదు. ఎన్నడు బయటపడినదో కూడా లేదు.

పదిహేడున ప్రెస్ మీట్. దానికి బయల్దేరే ముందు అనుబంధం ముప్పై కాపీలు తీయించి నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

"ముప్పు శూన్యము" అని పరాంకుశం గారు ప్రకటించగానే వెనక వరసలో ఒక విలేఖరి నవ్వాడు. "రుజువేదండీ?" అన్నాడు.

"శాఖ మాటయే రుజువు" అన్నారు చైర్మన్ గారు.

"ముప్పు లేదని మొదటి వారమే చెప్పారుగా. దానికి కమిటీ ఎందుకండీ?" అంది ఇంకో అమ్మాయి. ఈసారి హాలంతా నవ్వింది.

ఫణిభూషణం గారు ముప్పు భరించగలరు గాని, ఎగతాళి భరించలేరు. ఆయన మొహం కందగడ్డ అయింది. "అన్నిటికిని ఆధారములు ఉన్నవి. అంశాలవారీగా ఉన్నవి" అంటూ నావైపు తిరిగారు. "సుభాషిణి గారూ, అనుబంధము తెచ్చినారా?"

లేదనొచ్చు. మొదటి పేజీ మీద అతి రహస్యం అన్న ముద్ర ఉందని గుర్తు చేయొచ్చు. ఆయన వెంటనే ఆగిపోయేవారు. నాకు టిఫిన్ క్యారియరు గుర్తొచ్చింది.

"తెచ్చాను సార్" అన్నాను. మనిషికొకటి పంచిపెట్టాను.

మర్నాడు పొద్దున అన్ని పత్రికల్లోనూ మకరాక్షి రోగాల పట్టిక వచ్చింది. బిగుసుకుపోయిన వాల్వుకు ఒక పత్రిక బొమ్మ కూడా వేసింది. తొమ్మిదిన్నరకల్లా అత్యవసర సమావేశం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మా కమిటీకి మించినవాళ్లు లేరు. ఫణిభూషణం గారు స్టాండింగ్ ఆర్డరు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"అనుబంధము బయటపడినది. కావున పడవ అనుబంధముతో ఏకీభవించరాదు. అనుబంధములో పాడైనదని ఉన్నదెల్ల..." ఆయన ఆగిపోయారు.

"బాగుచేయాలి సార్" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ కమిటీలోనైనా నేను నోరు విప్పడం అదే మొదలు.

"కాని అట్లు బాగుచేసినచో మొదటి పత్రముతో ఏకీభవించును!"

పరాంకుశం గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "రెండు లీకులు పరస్పరం విరుద్ధంగా ఉన్నప్పుడు తాజా లీకుకే ప్రాధాన్యం" అని తీర్పు చెప్పారు. "రాసుకోండి."

రాసుకున్నాను. అంత ఇష్టంగా నేను ఏ మినిట్సూ రాయలేదు.

రెండేళ్లుగా రాని రబ్బర్లు రెండు గంటల్లో స్టోర్సులోంచి వచ్చాయి. దానయ్య మొట్టమొదట వాల్వు బిగించాడు. తర్వాత పంపు. పద్దెనిమిది, పంతొమ్మిది రెండు రోజులూ యార్డు అంతా పడవలోనే ఉంది. బల్ల తిరిగి వేశారు, గడియ పెట్టారు, పొయ్యి వెలిగించారు, మూరెడు ముక్క కోసేశారు. చీటీల దగ్గర మాత్రం ఫణిభూషణం గారు పట్టు విడవలేదు. బాగుపడ్డ ప్రతిదీ మొదటి పత్రంతో కలుస్తోంది కాబట్టి అది ముప్పే. పని చేసే వాల్వుకు ఎర్ర చీటీ కట్టించారు. మిగిలిన ఎర్ర చీటీల కట్టలు నేను నా చేతిసంచిలో వేసుకున్నాను.

ఇరవయ్యో తేదీ ఉదయం పడవ ఎక్కే ముందు దానయ్య మేనల్లుణ్ని పక్కకు పిలిచాడు. లోవరాజు బక్కపలచటి కుర్రాడు, మెడలో అమ్మవారి తాయెత్తు.

"ఒరే, సీటీ రంగు సూడకు. పచ్చా లేదు, ఎర్రా లేదు. నానే బిగించినాను. అవసరమైతే కళ్లు మూసుకుని తిప్పీ" అన్నాడు.

"మొన్న బాగుందన్నావు, అప్పుడూ నువ్వే బిగించావా మామా?" అన్నాడు లోవరాజు. దానయ్య వాడి కాలరు సర్దాడు.

పడవ సముద్రంలోకి వెళ్లి మునిగింది. మేమంతా జెట్టీ మీద షామియానా కింద కూర్చున్నాం. పదకొండు దాటాక వైర్‌లెస్ గదిలోంచి ఒకతను పరుగెత్తుకొచ్చాడు. పడవ వెనక గదిలో పైపు పగిలి నీళ్లు వస్తున్నాయట. పద్నాలుగు వేల పేజీల్లోనూ, ముప్పై పేజీల్లోనూ ఆ పైపు సంగతి లేదు. దానయ్య లేచి జెట్టీ అంచుకు వెళ్లి నిలబడ్డాడు. నేను కూడా వెళ్లి పక్కన నిలబడ్డాను. అతని పెదవులు కదులుతున్నాయి. దండం పెట్టుకుంటున్నాడనుకున్నాను. దగ్గరికెళ్తే తెలిసింది, తిప్పీ, తిప్పీ అంటున్నాడు.

దూరంగా నీళ్లు తెల్లగా పొంగాయి. మకరాక్షి ముక్కు పైకి లేచింది. తర్వాత వీపంతా తేలింది.

మధ్యాహ్నానికి దాన్ని లాక్కొచ్చి ఒడ్డున కట్టారు. తడిసి ముద్దయిన మనుషులు ఒక్కొక్కరే పలక మీదుగా దిగుతుంటే, దానయ్య గట్టిగా లెక్కపెట్టాడు. ఇరవై ఆరో వాడు లోవరాజు. అరచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. మామను చూసి ఆ చెయ్యే ఎత్తి చూపించాడు. దానయ్య వాణ్ని పట్టుకున్నాడు గాని లెక్క ఆపలేదు, వాడి భుజం మీదుగా చూస్తూ లెక్కపెడుతూనే ఉన్నాడు.

"నలబై ఒకటి. నలబై రెండు. నలబై మూడు. అందరూ వొచ్చీసినారమ్మా" అన్నాడు నాతో. నాకు ఏడుపొచ్చింది.

నా పక్కన ఇంకెవరో కూడా లెక్కపెడుతున్నారని అప్పుడు గమనించాను. ఫణిభూషణం గారు నల్ల రిజిస్టరు తెరిచి, పేజీ పదిహేడు అన్న పద్దు మీద వేలు పెట్టుకుని ఉన్నారు.

"నలభై మూడు. సరిగ్గా పత్రములో ఉన్నట్టే" అన్నారు దిగులుగా. కలం తీసి, పెండింగు అన్న మాట కొట్టేసి, ముప్పు అని రాసుకున్నారు. "సుభాషిణి గారూ, నలభై మూడు ఎర్ర చీటీలు తెప్పించండి."

నా చేతిసంచి నిండా ఎర్ర చీటీలే ఉన్నాయి.

"అయిపోయాయి సార్" అన్నాను. ఆఫీసుకు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే.